ఎడమచేత్తో ఇచ్చిన నీళ్ళు

అరకు సంత వీధిలో నాకో ఇంటర్నెట్ సెంటర్ ఉంది. సెంటర్ అన్నది బోర్డు మీది మాట. లోపల ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, వేలిముద్రల యంత్రం, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, నేను. తెలుగులో ఎమ్మే చేశాను. ఆ మీద బీఈడీ చేశాను. టీచరు ఉద్యోగం పరీక్ష రెండుసార్లు రాస్తే రెండుసార్లూ వెంట్రుకవాసిలో తప్పిపోయింది. ఇన్ని చదువులు చదివి చివరికి కొండ మీది నుంచి దిగొచ్చినవాళ్ళ బొటనవేళ్ళు పట్టుకుని గాజు ముక్క మీద అదమడం నా వృత్తి అయింది. రేషన్ కార్డు, కుల ధ్రువపత్రం, పింఛను, అన్నీ నా దగ్గరే. నిజానికి పని చెయ్యాల్సింది నేను కాదు, సర్వరు. అది చెయ్యదు. అది చెయ్యని గంటలన్నీ నావే.

అలాంటి ఒక గంటలో ఆ బొమ్మ కంటబడింది. బిందె చంకనెత్తుకుని ఒక పిల్ల కొండ ఎక్కుతోంది. వెనకాల మంచు. మా గాలికొండ వైపు పొద్దున్నే పట్టే మంచులాగే ఉంది. అడుగున జపాను అక్షరాలు. ఎక్కడో జపానులో ఎవరో ఒక వీడియో గేమ్ మీద ఇష్టంకొద్దీ, అందులోని మనుషుల్ని తీసుకుని, పెన్సిలుతో సొంతంగా కథ గీసి పెడుతున్నారు. అక్కడ ఇది మామూలేనట. ఆ ఆటని నేను ఇప్పటిదాకా ఆడలేదు. నా కంప్యూటరులో ఆధార్ పేజీ తెరుచుకోవడమే గండం, ఇక ఆటలు కూడానా.

అలాంటి బొమ్మల కథల్ని అభిమానులే ఊరికే, ఎవరూ అడక్కుండానే, వాళ్ళ వాళ్ళ భాషల్లోకి దింపుతుంటారు. తెలుగులో ఆ పని చేసే పేజీ ఒకటి ఉందని తెలిసి నేనూ చేరతానని రాశాను. పేజీ మొదట్లో పదవుల జాబితా ఉండేది. వ్యవస్థాపక సంపాదకుడు, ప్రధాన అనువాదకుడు, జపాను సంస్కృతీ సలహాదారు. వీళ్ళు ముగ్గురూ కలిపి విశాఖపట్నంలో ఉండే ఒకే ఒక్క సారు. నేను చేరాక తెలుగు సంపాదకురాలు, చిత్రశుద్ధి విభాగం, అక్షర విన్యాస విభాగం అని మరో మూడు పదవులు పుట్టాయి. ఆ మూడూ నేనే. ఇద్దరం కలిసి ఆరుగురం. రెండేళ్ళు కలిసి పనిచేశాం గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆయన నన్ను మేడమ్ అనేవారు, నేను సార్ అనేదాన్ని.

సారుకి జపాను భాష వచ్చు. ఎంత వచ్చు అంటే, మిగతాది యంత్రాన్ని అడిగి తెలుసుకునేంత వచ్చు. కానీ జపాను సంస్కృతి గురించి ఆయనకి తెలియనిది లేదు. వాళ్ళు టీ ఎలా తాగుతారో, ఎంత వంగి దణ్ణం పెడతారో, చెప్పులెక్కడ విడుస్తారో, ప్రతి ఆదివారం పేజీలో ఒక పాఠం పెట్టేవారు. నేను ప్రతి పాఠానికీ చేతులు జోడించిన బొమ్మ పెట్టేదాన్ని.

ఒక్క విషయంలో మాత్రం మేం మర్యాదస్థులం. చాలామంది అభిమానులు ఎవరినీ అడక్కుండా బొమ్మలు ఎత్తుకొచ్చి పెట్టేస్తారు. మేం అడిగాం. సారు జపాను భాషలో ఉత్తరం రాస్తే, మూడో రోజున జవాబొచ్చింది. బొమ్మలు గీసినవారు ఆడో మగో, పెద్దో చిన్నో మాకు తెలియదు. జవాబు మాత్రం చాలా చిన్నది. "సంతోషం. మాటలు మీ ఇష్టం. బొమ్మల్ని మాత్రం ముట్టుకోవద్దు." ఆ ముక్కని సారు పేజీలో పైన తగిలించారు, పెళ్ళిపత్రిక మీద వినాయకుడి బొమ్మలాగ.

మాటలు మా ఇష్టం అన్నారు కదా, ఇక మా ఇష్టం ఎలా సాగిందో చెప్పాలి. కథలో ఆ పిల్ల చాలా తక్కువ మాట్లాడుతుంది. ఊళ్ళో వానలు ఆగిపోయాయి. కొండ మీది దేవుడికి దాహమని, ఆయన తాగితే వాన కురుస్తుందని నమ్మి నీళ్ళు మోసుకెళ్తుంది. ప్రతి కొండ మీదా దేవుణ్ణి చేరుకుని అరచేతిలో ఇన్ని నీళ్ళు పోసుకుని ఆ చెయ్యి చాపుతుంది. ఆయన మొహం తిప్పుకుని తరవాతి కొండకి వెళ్ళిపోతాడు. ఒక్కో కొండా ఒక్కో అధ్యాయం. సారు "ఇవిగో నీళ్ళు" అని మార్చి పంపితే, నాలో ఉన్న ఎమ్మే ఊరుకుంటుందా? "స్వామీ, ఈ శీతల జలాన్ని స్వీకరించి అనుగ్రహించండి" అని రాశాను. పదేళ్ళ పిల్ల. కొండెక్కి రొప్పుతూ ఉంది. అయినా సమాసం తప్పలేదు.

దేవుడు ఎందుకు తాగడో కథలో ఎక్కడా చెప్పలేదు. ఆ ఖాళీని సారు వదల్లేదు. "దైవ తిరస్కారం, ఆధునిక మానవుడి శూన్యం" అని మూడు భాగాల వ్యాసం రాశారు. నాకు ఒక్క వాక్యమూ అర్థం కాలేదు. అద్భుతం అని రాశాను.

అసలు నేరం మాత్రం నాదే. జపాను పుస్తకం మనకి వెనక అట్టగా కనిపించే వైపు నుంచి మొదలవుతుంది. కుడి నుంచి ఎడమకి చదవాలి. తెలుగు మాటలు పెట్టగానే చదివేవాళ్ళు తికమకపడతారని నాకు దిగులు పట్టుకుంది. "మనవాళ్ళు ఎడమ నుంచి కుడికి చదువుతారు కదండీ. పేజీ మొత్తాన్ని అద్దంలో చూసినట్టు తిప్పేస్తే పోతుంది" అన్నాను. సారు ఒక రోజంతా ఆలోచించారు. మర్నాడు "తెలుగు పాఠకుడి చూపు: ఒక సిద్ధాంతం" అని ఆయన పేరుతోనే వ్యాసం వచ్చింది. సరే, సిద్ధాంతం ఆయనది, మీట నొక్కే వేలు నాది. ఒక్క నొక్కుతో కొండలు ఇటువి అటయ్యాయి.

"బొమ్మల్ని ముట్టుకోవద్దన్నారు కదండీ" అని ఒకసారి అడగనైతే అడిగాను.

"ముట్టుకోలేదు మేడమ్, తిప్పాం అంతే" అన్నారు సారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నేను కూడా ఆ మూడే లెక్కపెట్టి ఊరుకున్నాను.

చిత్రశుద్ధి విభాగం కూడా నేనే అని చెప్పాను కదా. మాటల బుడగల్లో జపాను అక్షరాలు తుడిచి తెల్లగా చెయ్యడం, స్కానులో పడ్డ దుమ్మూ మచ్చలూ తీసెయ్యడం ఆ విభాగం పని. ఆ కథలో దుమ్ము ఎక్కువే. ముఖ్యంగా ఆ పిల్ల మూతి దగ్గర, అధ్యాయం అధ్యాయానికీ గీతలూ చుక్కలూ పెరుగుతుండేవి. ఎంత ఓపికగా తుడిచానో. ఆరో కొండ ఎక్కేసరికి ఆ పిల్ల మొహం సబ్బు ప్రకటనలో పాపలాగ నిగనిగలాడుతుండేది. జపానువాళ్ళు శుభ్రమైన మనుషులంటారు, స్కానరు అద్దం ఒకసారి తుడుచుకోకూడదా అని మనసులో విసుక్కున్నాను కూడా.

ఆరు అధ్యాయాలయ్యాయి. ఏడోది, ఆఖరిది, ఇంకా మాకు రాలేదు. అప్పటిదాకా అయినవాటిని ప్రింటు తీసి, కుట్టి, సెంటర్లో కుర్చీల పక్కన మేకుకి దారంతో వేలాడదీశాను. సర్వరు కోసం కూర్చున్నవాళ్ళు తిరగేసేవారు. ధ్రువపత్రానికి వచ్చిన ఒకాయన ఆరు అధ్యాయాలూ చూసి "ఫైటింగ్ ఎప్పుడొత్తాదమ్మా?" అన్నాడు. ఒక టీచరుగారు ఇందులో పిల్లలకి నీతి ఏమిటని అడిగారు. ఇంకొకాయన ఆధార్ కాగితం చెమటకి తడవకుండా దాంట్లో పెట్టుకుని ఇంటికి తీసుకుపోబోయాడు.

ఇక అవ్వ. పై ఊరి మనిషి. కొంచెం కాఫీ, కొంచెం రాగులు, రెండు మేకలు. ప్రతి శుక్రవారం సంతకి దిగి, సరుకు అమ్ముకుని, నా దగ్గరికి వచ్చేది. రేషన్ కార్డుకి వేలిముద్ర పడాలి. పడదు. ఇన్నేళ్ళు మట్టిలో పనిచేసిన వేళ్ళు, గీతలన్నీ అరిగిపోయాయి. "నా ఏల్లు నావి కావంతాదేటి ఇది?" అని యంత్రం కేసి అనుమానంగా చూసేది. ఆవిడ కుడి చెవి తమ్మె రెండుగా చీలి ఉంటుంది. చిన్నప్పుడు కట్టెలమోపుతో దిగుతుంటే పోగు కొమ్మకి తగులుకుందట. మోపు దించితే మళ్ళీ ఎత్తేవాళ్ళు లేరని, చెవినే వదిలేసి వచ్చేసిందట. ఆ ముక్క ఆవిడ నవ్వకుండా చెబుతుంది, మనకీ నవ్వు రాదు.

అవ్వకి అక్షరం రాదు. సర్వరు రానంతసేపూ బొమ్మలు చూసేది. మూడు శుక్రవారాలు చూసింది. నాలుగో శుక్రవారం నన్ను పిలిచింది.

"ఏటి గుంటా, ఈ పిల్లకి దేముడంటే కోపమా?"

"కోపమేటవ్వా? భక్తి. అన్ని కొండలెక్కి నీళ్ళు మోసుకెల్తంది."

"బక్తయితే ఎడం సేత్తో ఇత్తాదేటి?"

చూశాను. ఎడమ చెయ్యే. ఆరు అధ్యాయాల్లోనూ ఎడమ చెయ్యే. రెండేళ్ళుగా రోజూ చూస్తున్న బొమ్మలు.

"బొమ్మ కదవ్వా. ఏ సెయ్యయితే ఏటి?"

"బిందె సూడు, కుడి సంకనెట్టింది. ఎవులెడతారలగ? ఎడం సంకనెడితే కుడి సెయ్యి కాలీగా ఉంటాది. ఇది కావాలనే సేత్తంది. అందుకే దేముడు మొకం తిప్పీసుకుని ఎల్లిపోతన్నాడు. మరి తాగుతాడేటి? నానైనా తాగను."

నవ్వు ఆపుకోలేకపోయాను. సారు మూడు భాగాలు రాసిన శూన్యాన్ని ఈవిడ ఒక చెయ్యి పెట్టి మూసేసింది. ఎంత ముచ్చటగా అమాయకంగా ఉందో అనుకున్నాను. చదువుకున్నవాళ్ళకి అలాంటి ముచ్చట బాగా కలుగుతుంది. "రా అవ్వా, ఒక ఫోటో" అని ఆవిడ పక్కన చేరి, ఫోను ముందు కెమెరాతో ఇద్దరినీ తీశాను. అవ్వ కొంగు సర్దుకుని, దరఖాస్తుకి దిగినట్టు బిగుసుకుని చూసింది. నేను ముప్పైరెండు పళ్ళూ బయటపెట్టాను. జరిగింది రాసి, ఫోటోతో సహా సారుకి పంపాను. సాయంత్రానికి పేజీలో ఉంది: "మా కొండ పాఠకురాలి సాహిత్య విమర్శ! ఎడమచేత్తో ఇస్తే దేవుడు తాగడట!" కింద పగలబడి నవ్వే మొహాలు వరసలు కట్టాయి. రెండేళ్ళలో మేం పెట్టిన ఏ అధ్యాయానికీ అంత ఆదరణ రాలేదు. మొదటి నవ్వు మొహం నాదే.

రెండు రోజుల తరవాత సారు ఫోను చేశారు. ఎప్పుడూ ఉపన్యాసంలా మాట్లాడే మనిషి, గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. బొమ్మలు గీసినవారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన చదువుతుంటే నేను రాసుకున్నాను.

"మీ పేజీలో ఒక పెద్దావిడ ఫోటో చూశాను. కింద రాసినదాన్ని యంత్రం ద్వారా తెలుసుకున్నాను. ఆవిడ సరిగ్గా చూశారు. నేను గీసిన పిల్ల కుడిచేత్తో ఇస్తుంది. మీరు నా పేజీల్ని తిప్పారు. మా దగ్గర బతికున్నవాళ్ళు పై అంగీని ఎడమ అంచు మీదికి వచ్చేటట్టు మడిచి కట్టుకుంటారు. కుడి అంచు మీదికి వచ్చేటట్టు కట్టేది శవానికి. ఆరు అధ్యాయాల్లో ఊళ్ళో అందరికీ మీరు శవాల బట్టలు కట్టి నడిపించారు. మీ దేశంలో దానికి వేరే అర్థం ఉందేమోనని ఇన్నాళ్ళూ అడగలేదు. ఇప్పుడు మీరు నవ్వుతుంటే చూసి అడుగుతున్నాను."

తరవాత రెండు వాక్యాలు. పేజీలన్నీ గీసినవి గీసినట్టే పెట్టి ఆ పెద్దావిడకి చూపించాలి, సరిగ్గా ఉన్నాయని ఆవిడ అంటేనే ఏడో అధ్యాయం పంపుతాను. లేదంటే ఆరూ తీసెయ్యండి.

నాకు ముందు సిగ్గు వెయ్యలేదు, భయం వేసింది. నేను చదివిన తెలుగుతో ఈ లోకంలో నేను చేసిన పని అదొక్కటే. దరఖాస్తులో ఖాళీలు నింపడం తప్ప ఇంకేదైనా నాకు వచ్చు అని చెప్పుకోవడానికి ఆ ఆరు అధ్యాయాలే ఉన్నాయి. అవి పోతే నేను మళ్ళీ ఉత్త బొటనవేళ్ళ మనిషిని.

"అంగీ సంగతి మీకు తెలీదా సార్?" అన్నాను.

"అది చాలా సూక్ష్మమైన విషయం మేడమ్" అన్నారు జపాను సంస్కృతీ సలహాదారు.

చెప్పులెక్కడ విడవాలో తెలిసిన మనిషికి శవానికీ మనిషికీ తేడా తెలియలేదు. నేను మాత్రం? కథలో గుడి ముందు జెండాల మీద జపాను అక్షరాలు అద్దంలోలాగ తిరగబడి ఉంటే, అదీ ఒక అందమే అనుకుని ఊరుకున్నదాన్ని. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అనలేదు.

సారు మరో దారి చూపించారు. "ఆవిడ సరే అందని మనమే రాసి పంపేద్దాం మేడమ్. జపానులో కూర్చున్నవాళ్ళకి ఏం తెలుస్తుంది?" నిజం చెబుతున్నాను, ఒక నిమిషం పాటు అదే మంచిదనిపించింది. కాదనడానికి కారణం నీతి కాదు. మా పేజీలో ఒక ఫోటో చూసి ఇంత పట్టేసినవాళ్ళు, అబద్ధాన్ని పట్టలేరా అని బెదురు. "నేనే చూపిస్తాను" అన్నాను. ఆ ఫోటో తీసెయ్యమన్నాను కూడా. "అంత ఆదరణ వచ్చింది కదా మేడమ్, కొన్నాళ్ళు ఉండనివ్వండి" అన్నారు. నేను గట్టిగా అడగలేదు.

వారం రోజులు సర్వరు లేనప్పుడల్లా కూర్చుని ఆరు అధ్యాయాలూ మళ్ళీ చేశాను. ఈసారి దేన్నీ తిప్పలేదు, బుడగల్లో అక్షరాలు తప్ప దేన్నీ తుడవలేదు. దుమ్ముంటే ఉండనీ అనుకున్నాను. తెలివి వచ్చి కాదు, ఏది ముడితే ఏం తప్పవుతుందోనని. పిల్ల మాటల్లో సమాసాలు మాత్రం నేనే పీకేశాను. "నీళ్ళు తెచ్చాను. తాగు." అంతే రాశాను. ప్రింటు తీసి, కుడి వైపు కుట్టి, మొదటి పేజీలో "ఈ పుస్తకం కుడి నుంచి ఎడమకి చదవాలి" అని బాణం గుర్తుతో సహా వేశాను.

శుక్రవారం అవ్వ రాలేదు. పై శుక్రవారమూ రాలేదు. వాళ్ళ ఊరి ఆవిడని అడిగితే నన్ను ఎగాదిగా చూసింది. "రాదు. కోడలు పోన్లో సూపించినాది, నువ్వు ఎట్టినావట కదా పొటో. అందరూ ముసిల్దాన్ని సూసి నవ్వుతన్నారట."

అప్పుడు వేసింది సిగ్గు.

సోమవారం సెంటర్ మూసేసి బయల్దేరాను. ఆటో సగం దాకా వెళ్ళింది, మిగతా కొండ నడిచాను. అవ్వ ఇంటి ముందు పట్టా పరిచి, ఎండబెట్టిన కాఫీ గింజల్లో తాలు ఏరుతోంది. నన్ను చూసి లేవలేదు.

"ఏటి, ఇంకో పొటో కావాలా?"

"నేదవ్వా. తప్పయిపోనాది. నువ్వు సెప్పిందే నిజం. బొమ్మలు గీసినోలు రాసినారు. మేమే తిప్పీసినాం."

దారి పొడవునా అనుకుంటూ వచ్చిన మాటలు అన్నీ అయిపోయాయి. ఉత్తరం సంగతి చెప్పాను. శవాల బట్టల సంగతి చెబితే చెయ్యి ఆపి, "అమ్మో" అంది. ఆవిడ సరే అంటేనే ఆఖరి అధ్యాయం వస్తుందని చెప్పాను. అలా చెబుతుంటే, మళ్ళీ నా పని కోసమే వచ్చానని నాకే వినబడింది. ఆవిడకీ వినబడే ఉంటుంది.

"అవ్వా, ఆ పొటో..."

"అది తరవాత. తప్పు నువ్వు సేసినావు, ఆ బొమ్మలో గుంట ఏటి సేసినాది? ఇలా తే."

పుస్తకం అందుకుని, అది ఎటు తెరుచుకుంటే అటు తెరిచింది. బాణం గుర్తు జోలికి పోలేదు. చదవడం వచ్చినవాళ్ళ కోసం వేసిన బాణం అది. తరవాత సెంటర్లో వాళ్ళంతా ఆ బాణాన్ని చదివి మరీ పుస్తకాన్ని తిరగేసి పట్టుకున్నారు.

అవ్వ ఒక్కో బొమ్మ మీదా వేలు ఆనించి చూసింది. యంత్రం గుర్తుపట్టని వేలే. బిందె ఎడమ చంకన ఉంది. చాపింది కుడి చెయ్యి. "ఊఁ" అంది. మూడో కొండ దగ్గర ఆగింది. నాలుగో కొండకి వెళ్ళి, మళ్ళీ మొదటి కొండకి వచ్చింది.

"ఈ పిల్ల పెదాలు మునుపు ఇలగ నేవు."

వంగి చూశాను. పెదాల మీద సన్నటి పగుళ్ళు. మొదటి కొండ మీద ఒకటో రెండో. ఆరో కొండకి వచ్చేసరికి మూతంతా బీటలు. రెండేళ్ళు నేను దుమ్మని తుడిచింది అది.

"సెయ్యి తప్పు కాదు, నానే తప్పు సెప్పినాను" అంది అవ్వ. "ఇన్ని కొండలెక్కినాది. ఒక్క సుక్క తాగినాదా? నోరెండిపోయి పిల్ల సచ్చిపోతంటే, దాని సేతిలో నీల్లు ఏ దేముడు తాగుతాడే? ముందు నువ్ తాగు అంతన్నాడాయన. దీనికి తెలడం నేదు."

అడగడానికి నాకు అర్హత ఉందో లేదో గానీ అడిగాను.

"మరి సరిగ్గా ఉన్నట్టేనా అవ్వా?"

"సరిగ్గానే ఉన్నాది. బేగి తెమ్మను ఆ మిగిలింది. పిల్ల ఎలగుందో ఏటో."

సిగ్నలు తగిలే మలుపు దగ్గర ఆగి, ఆవిడ అన్నది అన్నట్టు, పెదాల సంగతితో సహా సారుకి పంపి, జపాను భాషలోకి మార్చి పంపమన్నాను. "ఆవిడ మాట్లాడుతుంటే వీడియో తీశారా మేడమ్? అదిరిపోయేది" అని ఆయన జవాబు. తియ్యలేదన్నాను. అయ్యో అని ఏడ్చే మొహం పెట్టారు.

ఏడో అధ్యాయం నాలుగో రోజున వచ్చింది. ఉత్తరంలో ఒకే ముక్క ఉంది: "ఆవిడకి ముందు చూపించండి." సారు వ్యాసం కంటే ముందు, పేజీ కంటే ముందు. సారుకి ఇది కొంచెం కష్టం కలిగించింది. ఆయన నాలుగో భాగం వ్యాసం సగం రాసి ఉన్నారు.

శుక్రవారం అవ్వ వచ్చింది. సెంటర్ నిండా జనం. ఎప్పట్లాగే ముద్ర పడలేదు. సర్వరు రానంతసేపూ ఆఖరి అధ్యాయం చూసింది. ఏడో కొండ మీద దేవుడు మొహం తిప్పుకోలేదు. పిల్ల చెయ్యి చాపితే, ఆ చేతిని పట్టుకుని మెల్లగా దాని నోటి దగ్గరికే తోశాడు. పిల్ల తాగింది. తరవాతి పేజీలో ఆయన తాగాడు. ఆఖరి పేజీ అంతా వాన. మాటలు లేవు, నేను పాడుచెయ్యడానికి వీల్లేకుండా.

"సెప్పినానా నేదా?" అంది అవ్వ. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. నవ్విన నాపచేనే పండిందన్న మాట నాకు గుర్తొచ్చింది. పైకి అనలేదు, ఆ మాట అనాల్సింది నవ్వినవాళ్ళు కాదు.

లేచి వెళ్ళబోతుంటే ఆపాను. ఫోను తీసి పేజీలో ఆ ఫోటో తెరిచాను. అది ఇంకా అక్కడే ఉంది, నవ్వు మొహాలు ఇంకా పెరిగాయి. ఈసారి సారుని అడగదలచుకోలేదు.

"అవ్వా, నీ ముందలే తీసెత్తాను. నన్ను చమించు."

ఫోను నా చేతిలోంచి తీసుకుంది. దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది. తరవాత చీలిన చెవిని వేలితో పట్టుకుని నాకు చూపించింది.

"ఇదెవులే? నా సెవి ఇటేపు తెగినాది. దీనికి అటేపు తెగినాది. ఇది నాను కాను. ఎవుల్నో సూసి నవ్వుకుంటన్నారు, నవ్వుకోనీ."

ముందు కెమెరా అద్దంలోలాగ తిప్పి తీస్తుందని, నా ఫోను దాన్ని అలాగే దాచేస్తుందని నాకు తెలుసు. పేజీలు తిప్పిన వేలే ఈ ఫోటో కూడా నొక్కింది. ఆవిడని కూడా తిప్పేశాను.

కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అవ్వ నవ్వలేదు. ఫోటోలో రెండో మనిషి మీద, ముప్పైరెండు పళ్ళ మీద వేలు పెట్టింది.

"ఈ పక్కనున్నది మాత్రం నువ్వే గుంటా. నిన్ను ఎటు తిప్పినా ఒకేలాగున్నావు."

ఫోను నా చేతిలో పెట్టి, పుస్తకం సంచిలో వేసుకుని, సంతలోకి వెళ్ళిపోయింది.